వాట్లు కాదు, మాట వినబడవలెను
(మన ఇంటి పనులు — పాఠకుల ఉత్తరములకు జవాబులు)



ఈ నెల ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లె నుండి ఒక యౌవన సోదరుడు వ్రాసిన ఉత్తరమునకు జవాబు ఇచ్చుచున్నాము. ఈయన రేడియో పని కొంత నేర్చుకొని, 4440 అను ఐ.సి.తో, 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయరు ఒకటి స్వయముగా బిగించుకొన్నారు. వారి ఇంటిలోను, వీధిలోను జరుగు కుటుంబ ప్రార్థనలకు దానిని వాడుచున్నారు. సైకిలు మీద తీసుకొనిపోవుటకు వీలుగా ఉండునని "200 వాట్లు" అని అచ్చు వేసిన రెండు చిన్న పెట్టె స్పీకర్లు కొన్నారు. కాని ముందు వరుసలోని వారికి తప్ప మిగిలిన వారికి సరిగా వినబడుట లేదు. వెనుక గోడకు ఆనుకొని కూర్చునే వాళ్ల అవ్వ, "పాట వినబడుతోంది గాని మాట తెలియడం లేదు నాయనా" అంటున్నదట.

ఇప్పుడు వారి ప్రశ్న ఇది: నంద్యాల వెళ్లి పెద్ద ఆంప్లిఫయరు కొనవలెనా? లేక స్పీకర్లు మార్చవలెనా? ఇంట్లో ప్రత్తి అమ్మిన డబ్బు కొంత ఉన్నది. అయితే అది ఎరువులకు ఉంచినదనీ, అందులో నుండి ఒక్కసారి మాత్రమే ఇస్తాననీ తండ్రిగారు చెప్పారట. ఇది న్యాయమైన మాట. కాబట్టి ఆ ఒక్కసారి పెట్టే ఖర్చు వృథా పోకుండా ఉండుటకు కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

జవాబు ముందే చెప్పుచున్నాము. తమ్ముడూ, ఆంప్లిఫయరు మార్చవద్దు. స్పీకరు మార్చండి. అయితే వాట్లు చూసి కొనవద్దు.

స్పీకరు మీద వ్రాసిన వాట్లు ఏమి చెప్పును?

స్పీకరు మీద ఉన్న వాట్లు అది ఎంత శబ్దము ఇచ్చునో చెప్పవు. కాలిపోకుండా ఎంత కరెంటు బలమును భరించగలదో మాత్రమే చెప్పును. ఇరవై బస్తాలు మోయగల బండి అని చెప్పినంత మాత్రాన ఎద్దులకు బలము రాదు గదా! బండి మోయగల బరువు వేరు, ఎద్దుల బలము వేరు. మీ ఆంప్లిఫయరు ఎద్దులు, స్పీకరు బండి.

పైగా చిన్న పెట్టెల మీద "పి.ఎం.పి.ఓ." అని అక్షరములు ఉండి, ప్రక్కన వందలు, వేలు వాట్లు అచ్చు వేసి ఉంటే ఆ సంఖ్యను లెక్కలోనికే తీసుకొనవద్దు. అది రెప్పపాటు కాలమునకు కట్టిన ఊహా లెక్క. "ఆర్.ఎం.ఎస్." అని వ్రాసిన సంఖ్య ఒక్కటే కొంత నమ్మదగినది.

ఇక మీ ఎద్దుల బలము ఎంత? దీనికి ఒక సులభమైన లెక్క ఉన్నది. వోల్టులను వోల్టులతోనే గుణించి, వచ్చిన దానిని స్పీకరు ఓములకు ఎనిమిది రెట్లుతో భాగించవలెను. 12ను 12తో గుణిస్తే 144. స్పీకరు 4 ఓములదైతే 144ను 32తో భాగించగా నాలుగున్నర వాట్లు. 8 ఓములదైతే రెండుంబావు వాట్లు. ఒక్కొక్క ప్రక్కకు శుభ్రముగా రాగలది ఇంతే. ఐ.సి.లో కొంత పోవును గనుక చేతికి వచ్చేది ఇంకా తక్కువ. 12 వోల్టుల చిన్న ఆంప్లిఫయరులు ఏవైనా, బ్రిడ్జి పద్ధతిలో కలపనంత వరకు, ఈ లెక్క దాటవు. మరి దీని మీద 200 వాట్ల స్పీకరు పెట్టి లాభమేమి?

చూడవలసిన సంఖ్య

స్పీకరు కాగితములో "సెన్సిటివిటీ" అని ఒక సంఖ్య ఉంటుంది. ఒక్క వాటు ఇచ్చి, ఒక మీటరు దూరములో కొలిచినప్పుడు ఎన్ని డెసిబెల్సు శబ్దము వచ్చునో ఆ సంఖ్య చెప్పును. బండి ఇరుసుకు కందెన పెట్టారా లేదా అన్నట్లుగా ఉంటుంది ఇది. అవే ఎద్దులు, అదే బరువు; కందెన ఉన్న బండి సులువుగా సాగును.

మూడు అంగుళముల చిన్న స్పీకర్లు సాధారణముగా 80 నుండి 84 డెసిబెల్సు ఇచ్చును. ఆరు, ఆరున్నర అంగుళముల కారు స్పీకర్లు 90 దరిదాపులలో ఉంటవి. ఎనిమిది అంగుళముల తేలిక కాగితపు కోను ఉన్నవి 92 కూడ దాటును.

ఎనభై రెండుకు, తొంభై ఒకటికి తేడా తొమ్మిదే గదా అనుకొనవద్దు. డెసిబెల్సు లెక్క వేరు. మూడు డెసిబెల్సు పెరగవలెనంటే ఆంప్లిఫయరు బలము రెండింతలు కావలెను. ఆరుకు నాలుగింతలు, తొమ్మిదికి ఎనిమిదింతలు. అనగా 91 డెసిబెల్సు స్పీకరు 4 వాట్లతో చేసే పనిని 82 డెసిబెల్సు స్పీకరు చేయవలెనంటే 32 వాట్లు కావలెను! పెద్ద ఆంప్లిఫయరు కొనుటకు వెళ్లేవారు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకొంటే చాలును.

మీ పరిస్థితికి అన్వయించి చూద్దాము. 82 డెసిబెల్సు స్పీకరుకు 4 వాట్లు ఇస్తే ఒక మీటరు దగ్గర 88 వచ్చును. బయట దూరము రెండింతలైన ప్రతిసారి ఆరు తగ్గును గనుక, నాలుగు మీటర్ల దగ్గరకు 76 అగును. అయితే ఇది మాటలో గట్టిగా పలికిన శిఖరముల లెక్క. మాట సగటు దానికంటే 12 డెసిబెల్సు అయినా తక్కువ ఉంటుంది. అంటే 64 మిగిలినది. ఒక మనిషి మన ఎదుట ఒక మీటరు దూరములో కూర్చుని మాట్లాడితే సుమారు 60 డెసిబెల్సు. పసిబిడ్డలు, ఫ్యాను చప్పుడు, వీధిలో పోయే ట్రాక్టరు, వీటి మధ్య 64 చాలదు. 91 డెసిబెల్సు స్పీకరైతే అదే చోట 73 వచ్చును. అప్పుడు వెనుక వారికి కూడ ఇబ్బంది లేదు.

పూర్వము వాల్వు రేడియోలు ఉన్న కాలములో వాటి ఆంప్లిఫయరు బలము మూడు నాలుగు వాట్లే. అయినను వీధి అరుగు మీద పెడితే పది మంది వినేవారు. కారణము, వాటి స్పీకరు కోను పలుచని కాగితము, వెడల్పు ఎక్కువ. నేటి స్పీకర్లకు మూలమైన నమూనాను 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు ప్రకటించారు. అప్పటి నుండి చాలా కాలము వరకు వాట్లు దొరకడమే కష్టము గనుక, తయారు చేసేవారు స్పీకరునే చురుకుగా చేసేవారు. వాట్లు చవక అయిన తరువాత పెట్టెలు చిన్నవై, చురుకుదనము తగ్గినది.

ఓముల సంగతి

4 ఓముల స్పీకరుకు మీ ఆంప్లిఫయరు రెండింతల బలము ఇచ్చునన్న మాట నిజమే. కాని ఆ లాభము మూడు డెసిబెల్సే. 84 డెసిబెల్సు 4 ఓముల స్పీకరు కంటే 91 డెసిబెల్సు 8 ఓముల స్పీకరు మీకు ఎక్కువ వినిపించును.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కొందరు తయారీదారులు "ఒక వాటుకు" అని గాక "2.83 వోల్టులకు" అని వ్రాయుదురు. 8 ఓములకు అది ఒక వాటే. 4 ఓములకు మాత్రము రెండు వాట్లు. కాబట్టి 4 ఓముల స్పీకరు మీద 2.83 వోల్టులని ఉంటే ఆ డెసిబెల్సులో మూడు తీసివేసి పోల్చుకొనవలెను.

4440 ఐ.సి.ని బ్రిడ్జి పద్ధతిలో కలిపితే 13.2 వోల్టుల వద్ద 4 ఓములకు 19 వాట్లని తయారీదారుల లెక్క. అలా కలిపినప్పుడు 4 ఓముల కంటే తక్కువ పెట్టరాదు. స్పీకరు రెండు తీగలలో దేనినీ గ్రౌండుకు కలుపరాదు. హీట్ సింకు పెద్దది కావలెను, బ్యాటరీ త్వరగా దిగును. అంత చేసినా వచ్చే లాభము ఆరు డెసిబెల్సు. స్పీకరు మార్చితే తొమ్మిది వచ్చుచుండగా మొదటి ఖర్చు దేనికి పెట్టవలెనో మీరే చూచుకొనండి.

ఏవి కొనవలెను?

సైకిలుకు కట్టుకొనిపోగలిగినంత చిన్నవి కావలెను గనుక రెండు మార్గములు చెప్పుచున్నాము.

మొదటిది, ఆరు లేక ఆరున్నర అంగుళముల కారు స్పీకర్లు ఒక జత. ఇవి 12 వోల్టుల ఆంప్లిఫయరుల కొరకే తయారైనవి, 4 ఓములవి. నడుమ చిన్న ట్వీటరు ఉన్నది తీసుకొంటే స, శ, త, క వంటి అక్షరములు స్పష్టముగా పలుకును. పాతవి కూడ పనికి వచ్చును. కాని కోను అంచు వేలితో తాకి చూడండి. స్పాంజి అంచు పొడి పొడిగా రాలితే అది వద్దు. కాగితము లేక గుడ్డ అంచు ఎక్కువ కాలము నిలుచును.

రెండవది, నాలుగు అంగుళముల 8 ఓముల చిన్న స్పీకర్లు నాలుగు, ఒకదానిపై ఒకటి నిలువుగా పెట్టిన స్తంభము. మన దేవాలయములలో గోడలకు ఉండే పొడవాటి పెట్టెలు ఈ పద్ధతివే. రెండేసి స్పీకర్లను వరుసగా కలిపి, ఆ రెండు జతలను ప్రక్క ప్రక్కగా కలిపితే మరల 8 ఓములే వచ్చును. ఒక్కొక్కటి 84 డెసిబెల్సు అయినా నాలుగూ కలిసి ఎదుట 90 వరకు ఇచ్చును. ఇంకొక మేలు ఏమనగా, శబ్దము పైకప్పుకు, నేలకు తక్కువగా పోయి, కూర్చున్నవారి వైపు వెడల్పుగా పోవును.

కొలాయి గొట్టము వలె నోరున్న హారను సంగతి కూడ అడుగుదురు. అది ఒక్క వాటుకే 105 డెసిబెల్సు దాటగలదు. పొలములో నలుగురిని పిలుచుటకు అది మంచిది. ఇంటిలో మాత్రము గొంతు రేకు డబ్బాలో నుండి వచ్చినట్లుండును, ఇరుగు పొరుగువారికి కష్టము.

పెట్టె, కుండ

స్పీకరును ఊరక బల్ల మీద పెట్టి వాయిస్తే గొంతు పీలగా ఉంటుంది. కోను ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకొనును, వెనుక గాలి సడలును. ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదాని నొకటి కొట్టివేయును. వాటిని వేరు చేయుటకే పెట్టె.

మన పల్లెలలో టేప్ రికార్డరుల కాలములో యౌవనస్థులు స్పీకరును మట్టి కుండ మూతికి బిగించేవారు. అది తెలివితక్కువ పని కాదు. కుండ గట్టిది, గాలి చొరనిది, ముందు వెనుకల శబ్దమును చక్కగా వేరు చేయును. అయితే లోపల గాలి గుయ్యిమని ఒకే స్వరముతో మ్రోగును. డప్పు, తబల పాటకు అది ఇంపుగానే ఉండును గాని వాక్యము చదివేటప్పుడు మాటలు ముద్దగా వినబడును. కుండలో దూదిని వదులుగా నింపితే ఈ దోషము చాలా వరకు తగ్గును. నంద్యాల సీమలో దూదికి కొదువ లేదు గదా!

పెట్టె చేయించదలిస్తే ఆరంగుళముల స్పీకరుకు లోపల ఒక బిందె నీళ్లు పట్టేటంత, అంటే సుమారు 12 లీటర్ల చోటు చాలును. చెక్క ముప్పాతిక అంగుళము మందము ఉండవలెను. అతుకులలో సందు లేకుండా జిగురు పెట్టించి, లోపల దూది వదులుగా పెట్టండి. పాత తలుపు చెక్కయైనా సరే.

దుకాణములో పరీక్ష

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. మార్చుకొనుటకు మరల మరల తిరుగుట ఖర్చే. కాబట్టి వెళ్లేటప్పుడే మీ ఆంప్లిఫయరు, బ్యాటరీ వెంట తీసుకొనిపొండి. పాట గాక, మీకు బాగా తెలిసిన ఒకరు చదువుచున్న మాటలను ఫోనులో రికార్డు చేసి పట్టుకొనిపొండి. వాల్యూము ఒకే చోట ఉంచి రెండు మూడు స్పీకర్లను మార్చి మార్చి వినండి. పది పదిహేను అడుగుల దూరము నుండి వినండి. దగ్గర నిలిచి వింటే అన్నియు బాగుండును.

మల్టీమీటరుతో కొలిస్తే 8 ఓముల స్పీకరు ఆరు ఏడు ఓములు చూపును, 4 ఓములది మూడున్నర దరిదాపు. ఇది దోషము కాదు. కోనును నాలుగు వ్రేళ్లతో సమానముగా మెల్లగా నొక్కండి. గరగరమని రాచుకొంటే కాయిలు చెడినట్టే. టార్చిలైటు సెల్లును క్షణము తాకించండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తాకినప్పుడు కోను ముందుకు రావలెను. రెండు స్పీకర్లను ఇదే క్రమములో కలుపవలెను. ఒకటి తిరగబడితే గొంతులో గాంభీర్యము పోవును.

తీగ కూడ చూచుకొనండి. వెంట్రుక వంటి సన్నని తీగతో పది మీటర్లు లాగితే 4 ఓముల స్పీకరుకు వెళ్లే బలములో దాదాపు మూడవ వంతు తీగలోనే పోవును. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడితే నష్టము పదింట ఒక వంతుకు కూడ మించదు.

ఎక్కడ పెట్టవలెను?

ఇది డబ్బు అక్కరలేని భాగము. అయినా దీనిలోనే ఎక్కువ మేలున్నది.

మన ప్రాంతములో బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల బండలు ఇంటింటా ఉన్నవి. నేల బండలే, చాలా చోట్ల గోడలు కూడ రాయే, పైన స్లాబు. ఇటువంటి గదిలో శబ్దము గోడ గోడకు తగిలి తిరిగి వచ్చి, ఒక మాట ఇంకొక మాట మీద పడును. వాల్యూము పెంచితే ప్రతిధ్వని కూడ పెరుగును గాని స్పష్టత పెరగదు. దానికి మందు, స్పీకరును వినేవారి దగ్గరకు తెచ్చుట. దూరము సగమైతే ఆరు డెసిబెల్సు ఉచితముగా వచ్చును. నేల మీద చాపలు, దుప్పట్లు పరచండి, తలుపులు కిటికీలు తెరవండి.

మీకు రెండు స్పీకర్లు ఉన్నవి గనుక రెండింటినీ ముందు వరుసలోనే పెట్టనక్కరలేదు. ఒకటి ముందు, ఒకటి గది మధ్యలో ప్రక్క గోడ దగ్గర వెనుక వారి వైపు తిప్పి పెట్టండి. మూలలో ఇరికించవద్దు, గొంతు బొంగురుగా మారును. చాప మీద కూర్చున్నవారి చెవి రెండున్నర అడుగుల ఎత్తున ఉండును. స్పీకరు దానికి కొంచెము పైన, నాలుగడుగుల స్టూలు మీద ఉంటే ముందువారి తలలు అడ్డు రావు. నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా కర్రపీఠము మీద నిలిచి గ్రంథము చదివిన సంగతి మనకు తెలుసు. అక్కడ చదువుటతో ఆగలేదు, జనులు గ్రహించునట్లు చేయుట కూడ జరిగినది. ఎత్తు, స్పష్టత రెండును అప్పుడే లెక్కలో ఉన్నవి. మైకు మాత్రము ఎల్లప్పుడు స్పీకర్లకు వెనుక ఉండవలెను, లేకపోతే కీచుమనును.

అవ్వ గారి సంగతి వేరుగా చెప్పవలెను. వయస్సు మీరినవారికి మొదట తగ్గేది సన్నని శబ్దముల వినికిడి. అ, ఆ, ఓ వంటి అచ్చుల బరువు వినబడును గాని స, శ, త, ప తెలియవు. అందుకే "పాట వినబడుతోంది, మాట తెలియడం లేదు" అన్నారు. ఆమె చెప్పినది అక్షరాల సరియైనది. టోను కంట్రోలులో బాసు తగ్గించి ట్రెబులు కొంచెము పెంచండి. ఆమెను వెనుక గోడ దగ్గర నుండి లేపి, రెండవ స్పీకరుకు నాలుగైదు అడుగులలో, చదివేవారి ముఖము కనబడే చోట కూర్చుండబెట్టండి. పెదవులు చూచుట సగము వినుటే.

చివరిగా కొన్ని జాగ్రత్తలు

శబ్దము గర్రుమని పగిలితే ఆంప్లిఫయరు శక్తి దాటినదని అర్థము. వెంటనే తగ్గించండి. ఆ పగిలిన శబ్దమే చిన్న ట్వీటరులను కాల్చును.

బ్యాటరీ ప్లస్ తీగలో 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ ప్రార్థన కూటములకు సుమారు పది గంటలు వచ్చును గనుక, కరెంటు పోయినా పని ఆగదు. ఛార్జరు, ట్రాన్స్‌ఫార్మరు పెట్టె తెరిచి ఉంచవద్దు. అక్కడ 230 వోల్టులు ఉన్నవి. పిల్లలు తిరిగే ఇల్లు.

ఆరుబయట పెట్టేవారు మరువరానిది, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము మైకుకు వ్రాతపూర్వక అనుమతి కావలెను. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వాడరాదు. నివాస స్థలములలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు. చిన్న స్పీకరు, దగ్గరగా పెట్టినది, మనవారికి వినబడి పొరుగు ఇంటి చదువుకొనే పిల్లలను, రోగులను ఇబ్బంది పెట్టదు. పెద్ద ఆంప్లిఫయరు కొననక్కరలేదని మేము చెప్పుటకు ఇది కూడ ఒక కారణము.

కాబట్టి తమ్ముడూ, ముందు ఈ వారము ఖర్చు లేని పని చేయండి: పాత స్పీకర్లనే దగ్గరకు తెచ్చి, చాపలు పరచి, బాసు తగ్గించి చూడండి. కొంత మేలు కనబడును. అప్పటికీ చాలకపోతే, తండ్రిగారిని కూడ వెంటబెట్టుకొని దుకాణమునకు వెళ్లి, ఆయనను పదిహేను అడుగుల దూరములో నిలువబెట్టి వినిపించండి. ఆయనకు మాట తెలిసిన స్పీకరే కొనండి.